చెల్లె పన్ను పీకించిన నాడు

ఆరేండ్లయింది. ఒక అబద్ధం నా కడుపుల కూసోని లేస్త లేదు. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలె. ఇది చదివే నువ్వు మా ఇంటి మనిషివి కావు, అందుకే నీకు రాస్తున్న.

రాములమ్మ నా తోడికోడలు, నా మరిది పెండ్లాం. మాది గద్వాలల మగ్గం కొంప. ఒకే చీరకు ఆమె ఒక దిక్కు, నేనొక దిక్కు కూసోని నేస్తుంటిమి. చీరలు కొనే సేటు చీర విప్పితే ఆమె దిక్కు అంచే చూసి మురుస్తుండె. నాది అంచు కాదా? తర్వాత ఆమెకు హైదరాబాదుల గుండె ఆపరేషనైంది. అప్పటిసంది పాలు ఆమెకే, పలకరింపులు ఆమెకే. నా పెనిమిటి గూడ "పాపం రాములమ్మ" అనవట్టె. నేను కండ్లల్ల నిప్పులు పోసుకున్న.

నలభై దాటినంక రాత్రి బడిల అచ్చరాలు నేర్సుకున్న. అందుకే ఆమె దవాఖాన చీటి నా దగ్గర్నే ఉంటుండె. అండ్ల తెలుగుల రాసుండె: రక్తం పల్చగ చేసే గోళీలు రోజూ మింగాలె, పన్ను పీకించుకుంటే డాక్టరుకు ముందే చెప్పాలె.

ఆమెకు దవడ వాసింది. నేనే తోల్కపోయిన.

"మందులేమన్న మింగుతదా?" పండ్ల డాక్టరు అడిగిండు.

"అక్కనడుగు సారూ, అక్కకు చదువొచ్చు" అని ఆమె కుర్చీల కండ్లు మూసుకున్నది.

"ఏం లేవు సారూ. రాయి లెక్కుంటది" అన్న.

ఎందుకన్న? సావాలని కాదు. జర బాధపడనీ అనుకున్ననా, నాలుగు దినాలు ఆమె మగ్గమెక్కకుంటే సేటు నా అంచు చూస్తడనుకున్ననా? ఇప్పటికీ తెల్వదు.

రక్తం ఆగలె. దూది పెడితే దూది నానె. పొద్దుగూకేటాళ్లకు పెదవులు తెల్లగైనయి. కర్నూలు ఉరికినం. అక్కడ చీటి తీసిచ్చిన. ముందే తెలిస్తే రక్తం పరీక్ష చేసి, కుట్లేసి, పైలంగ పీకుతుండె గదా అని ఆ డాక్టరు నన్ను తిట్టిండు. పరేషాన్ల మరిచిన అన్న. రక్తమెక్కిస్తే బతికింది. ఆర్నెల్లు మగ్గమెక్కలె.

"మా అక్క చీటి తీసియ్యకుంటే పోతుంటి" అని సుట్టాలందరికీ చెప్తది. అందరు నన్ను మెచ్చుకుంటరు. ఇన్నేండ్లు మెప్పు కోసమే కుళ్లుకున్న. దొరికితే మింగుడు పడుత లేదు.

ఆమె ముందు నోరు పెగలదు. మాఫీ అడుగుత లేను. ఉన్నదున్నట్లు ఒక్కసారి రాయాలె, అంతే.

మరవలేదు. చీటి నా రైకల ఉండె. పండ్ల డాక్టరు మందుల సంగతి అడిగినప్పుడు చెయ్యి పెట్టి తడిమి చూసుకున్న. చీటి ఉందని ఎర్కయినంకనే "ఏం లేవు" అన్న.