ప్రేమమ్మ పెట్టిన మొదటి మేత

మా ఊళ్లో నా అంత తెలివిగలవాడు లేడని నాకు చాలా ఏళ్లపాటు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని పోగొట్టిన మనిషి ప్రేమమ్మ. ఆమె గురించి చెప్పాలంటే నా పరువు కొంత తీసుకోక తప్పదు. అందుకు సిద్ధపడే మొదలుపెడుతున్నాను.

నా పేరు త్రినాథ్. ప్రత్తిపాడు దగ్గర మాకు మిరప చేలున్నాయి. రెండేళ్లు వరసగా తామర పురుగు పూతంతా రాల్చేస్తే, కల్లం పక్కనే రేకుల షెడ్డు వేసి నాటుకోళ్లు పెంచుదామనుకున్నాను. ప్రేమమ్మ పాతికేళ్లుగా మా చేలో కాయలు కోస్తున్న మనిషి. ఏటా కోతల్లో ఆ ఘాటు పీల్చీ పీల్చీ ఆయాసం పట్టుకుంది. చర్చిలో అందరికంటే ముందు పాట ఎత్తుకునే ఆవిడ, రెండో చరణానికే ఆగి ఊపిరి వెతుక్కునే స్థితికి వచ్చింది. మిరపకాయ జోలికి వెళ్లొద్దని గుంటూరు డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంటి దగ్గర కోళ్లు సాకిన అనుభవం ఉంది కదా అని షెడ్డు పని ఆమెకిచ్చాను. ఆమె మీద జాలిపడి ఇచ్చానని నలుగురిలో చెప్పుకున్నాను కూడా.

జనవరిలో మొదటి పిల్లలు వచ్చాయి. ముందురోజు సాయంత్రమే చేరాల్సిన వ్యాను, దారిలో టైరు పేలి, మర్నాడు పొద్దున పదింటికి చేరింది. పెట్టెల మూతలు తీస్తే ఆరువందల పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి కీచుకీచుమంటున్నాయి. కొన్ని అరవడం కూడా మానేసి తలలు వాల్చేశాయి. ప్రేమమ్మ అప్పటికే ఊక మీద పాత పేపర్లు పరిచి, వాటి మీద మొక్కజొన్న నూక చల్లి, బెల్లం నీళ్లు కలిపి పెట్టుకుంది.

"ఇప్పుడే మేతేంది? పుట్టిన పిల్ల పొట్టలో పచ్చసొన ఉంటది, రెండు రోజులకు సరిపోద్ది. అలిసిపోయి వచ్చినయ్యి, పడుకోనియ్యి" అన్నాను. ఫోన్లో ఒక వీడియో సగం చూసి సంపాదించిన విద్య అది.

"అది నిద్ర కాదయ్యా, నీరసం. ముందు కడుపులో ఏదన్నా పడాల" అంది.

కూలికి వచ్చిన మనిషి నాకు చెప్పడమేంటని ఒళ్లు మండింది. షెడ్డు మధ్యలో రేకు అడ్డం పెట్టించాను. "ఆ సగం నీది, ఈ సగం నాది. నీ వైపు పిల్లలు చచ్చినయ్యా, మళ్లీ కాయ కోతకు పోవాల్సిందే" అన్నాను. కాయ కోత అంటే ఆమె ప్రాణానికి ఏమిటో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆమె తన సగంలోకి వెళ్లింది. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క పిల్లనూ ఎత్తి, ముక్కు బెల్లం నీళ్లలో ముంచి, అది ఒక గుటక వేశాక పేపరు మీద వదిలింది. గోటితో పేపరు మీద టకటకమని కొడితే ఆ చప్పుడుకు పిల్లలు చుట్టూ మూగి పొడవడం మొదలుపెట్టాయి. సాయంత్రం మళ్లీ మూడువందలనూ ఎత్తి, మెడ కింద మేతసంచి వేలితో తడిమి చూసింది. మెత్తగా, నిండుగా తగిలినవాటిని వదిలేసి, ఖాళీగా ఉన్నవాటికి మళ్లీ నీళ్లు పట్టింది, మేత పెట్టింది. నేను గుమ్మంలో కాఫీ తాగుతూ నవ్వుకున్నాను. నా వైపు నీళ్లు పెట్టించానే గానీ, మర్నాడు సాయంత్రం దాకా నూక వేయనివ్వలేదు.

మూడో రోజు చలిగాలి బాగా ఎక్కువైంది. నా తెలివి మళ్లీ పని చేసింది. కల్లంలో ఖాళీ గోతాలు కనబడితే, దులిపి, షెడ్డు చుట్టూ వల మీద కట్టేసి ఇంటికెళ్లాను. అవి నిన్నటిదాకా మిరపకాయలు తొక్కి కుట్టిన గోతాలు. రాత్రంతా గాలి వాటిలోంచే లోపలికి కొట్టింది.

తెల్లారి ప్రేమమ్మ గుమ్మంలో అడుగు పెడుతూనే గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది. ఆ ఘాటు నా ముక్కుకు అందలేదు, ఆమె ఊపిరికి అందింది. "గోతాలయ్యా! పీకెయ్యండి!" అని, నేను కదిలేలోపే కొంగు నోటికి చుట్టుకుని తానే లాగడం మొదలుపెట్టింది. దగ్గుతూ, ఆగుతూ, వల పట్టుకుని నిలదొక్కుకుంటూ అన్నీ పీకి బయట పారేసింది. బయటికి వెళ్లి కూర్చోమంటే వినలేదు. నాకు భయమేసింది.

రెండు వైపులా పిల్లలు కళ్లు మూసుకుని నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. ఆమె తన వైపు పేపరు మీద గోటితో కొట్టింది. కళ్ల వెంట నీళ్లు కారుతూనే అవి తూలుకుంటూ వచ్చి పొడిచాయి. నేనూ నా వైపు కొట్టాను. నాలుగో అయిదో వచ్చాయి, మిగతావి కదల్లేదు. రెండు రోజుల్లో నా సగంలో మూడో వంతు పోయాయి. ఆమె సగంలో ఆరంటే ఆరు.

పశువుల డాక్టరు వచ్చి చూసి నన్నే మందలించాడు. "సొన ఉంటుంది, నిజమే. కానీ తొలిరోజే మేత పడితే పేగు ఎదుగుతుంది, ఒంట్లో సత్తువ వస్తుంది. ఘాటు రెండు వైపులా ఒకటేనండీ, తట్టుకునే బలమే తేడా" అన్నాడు.

షెడ్డు వెనక ప్రేమమ్మ చచ్చిన పిల్లల్ని పూడ్చిపెడుతోంది. నీకు ముందే ఎట్లా తెలుసని అడిగాను.

"మా పెద్దోడు పుట్టినప్పుడు ముర్రుపాలు పిండి పారబోయమన్నారయ్యా. మూడు రోజులు పంచదార నీళ్లే పట్టాం. ఏడవకుండా పడుంటే, బంగారుకొండ, నిద్రపోతున్నాడనుకున్నా. తొలి చలికే పోయాడు" అంది. గుంతలోకి మట్టి లాగుతూ, "రెండోడు కరుణాకర్ పుట్టినప్పుడు ఎవరి మాటా వినలా. గంటలోపే రొమ్ము పట్టా" అంది.

ఆ మాటకే నేను సగం చచ్చాను. ఆమె చేతి మట్టి దులుపుకుని, నా మొహం కేసి చూడకుండా అడిగింది: "నా వైపు కూడా ఆరు పోయినయ్యయ్యా. కాయ కోతకు రేపట్నించి రమ్మంటారా?"

నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఆ ఆరింటినీ చంపింది నా గోతాలేనని, ఈ షెడ్డులో ఇక ఆమె మాటే నా మాటని చెప్పాను. ఆమె తల ఊపి, మిగిలినవాటికి నీళ్లు మార్చడానికి వెళ్లిపోయింది.

మార్చిలో రెండో విడత పిల్లలు వచ్చాయి. "కాసేపు పడుకోనియ్యండి సార్" అన్నాడు వ్యాను డ్రైవరు. నేను అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని ముక్కులు ముంచుతున్నాను. సాయంత్రం ప్రేమమ్మ వచ్చి నా వైపు పిల్లల మేతసంచులు తడిమి, రెండింటిని నా చేతిలో పెట్టింది.

"ఇయ్యి ఖాళీ. మళ్లీ పట్టండి."

పట్టాను.