తొట్టిలో బాలింతలు

మా అమ్మ రిటైర్మెంటు విందును నేను ఒంటిచేత్తో నీళ్లపాలు చేసిన వైనం చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. మా ఇంట్లో పాతికేళ్లుగా అదే పని.

అమ్మ రాయపూర్‌లో ప్రసూతి వార్డు నర్సు. ఆమె ఉద్యోగం ఆఖరి ఏడాదికి నేను రైల్వేలో కొత్త గుమస్తాను. అంటే లోకంలో నాకు తెలియనిది లేదన్నమాట.

"వార్డు నర్సులందర్నీ విందుకు పిలువమ్మా. ఒక్కొక్కరి కంచంలో అరచేయంత చేప వేస్తాను, నాదీ పూచీ" అన్నాను.

క్వార్టర్ వెనక పాత సిమెంటు తొట్టి ఉంది. తెలీబంధాలో చేపలమ్మే సుఖియాబాయి దగ్గర తిలాపియా పిల్లలు అడిగాను.

"ఇత్తీసీ టంకీ మే దస్ బహుత్ హై, భయ్యా" అంది.

పదే చాలంటే నా చదువేం కావాలి? బకెట్ నిండా తెచ్చి గుమ్మరించాను.

నెలలు గడిచాయి. తవుడు వేసీ వేసీ నా చేతులరిగాయి గానీ చేపలు వేలెడు దగ్గరే ఆగిపోయాయి. సంఖ్య మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది. అది నా హస్తవాసి అనుకున్నాను. అమ్మ నాలుగు పట్టి వేపుతానంటే అడ్డుపడ్డాను.

"పసిపిల్లలమ్మా, పాపం. ఎదగనీ."

విందు ఆదివారం వచ్చింది. నర్సులు చర్చి నుంచి నేరుగా మా ఇంటికే వస్తారు. చేపలు కోయడానికి సుఖియాబాయి కత్తిపీటతో కూర్చుంది. వల లాగాను. వేలు దాటినది ఒక్కటీ లేదు. జీవితమంతా ఊళ్లోవాళ్ల బిడ్డల్ని ఎత్తిన అమ్మకు ఒక్క పూట పండగ, దాన్నీ చెడగొట్టానని నాకు ఏడుపొచ్చింది.

సుఖియాబాయి ఒకదాన్ని కోసింది. కడుపునిండా గుడ్లు. ఇంకోదాని నోరు తెరిచింది. లోపల్నుంచి చీమలంత పిల్లలు బిలబిలమంటూ రాలాయి.

"ఏ బచ్చా నహీ భయ్యా, దాదీ హై."

నేను పసిపిల్ల అన్నది నాయనమ్మట. ఇరుకులో చేప ఒళ్లు పెంచదట, తొందరగా ఈడుకొచ్చి పిల్లల్ని పెట్టేస్తుందట.

అమ్మ వంగి బకెట్‌లోకి చూసింది. వార్డులో రౌండు కొట్టినంత శ్రద్ధగా చూసింది.

"ఒరేయ్ దానియేలూ, నేను నిన్ననేగా రిటైరయ్యా. ఇంటెనకాల ఇంకో వార్డు తెరిచావేంట్రా?"

"ఇప్పుడేం చేద్దామమ్మా? ఇరవైమంది వస్తున్నారు."

"ఫికర్ పడకు, రానీ. అందరూ నర్సులేగా. అన్నం లేకపోయినా చేతినిండా డ్యూటీ ఉంది."

ఇరవైమందికీ కోడిగుడ్లు ఉడకబెడుతూ, పొయ్యి సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట ఒడ్డూ పొడుగూ చూసి ఏ ఆడదాని వయసూ లెక్కగట్టను, అది చేపైనా సరే.