క్యాలెండర్‌లో నా గడి

పక్కింటి అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసింది మంగళవారం పొద్దున. ఆ మధ్యాహ్నం రెండున్నరకి వడ్డీ రేటు ప్రకటన ఉంది. అది వినకుండా వెళ్లిపోయే మనిషి కాదాయన. నేనిన్నాళ్లూ ఆటపట్టించినందుకు ఇలా బదులు తీర్చుకుంటున్నారేమో అనుకున్నాను. ఆంటీ ఏడుపు విన్నాక, పక్కింటికి పరిగెత్తాను.

ఆయన గుంటూరులో ఎకనామిక్స్ పాఠాలు చెప్పి రిటైరై, ఈ పరాయి దేశంలో, టూంగాబీ అనే మా పేటలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశారు. నేను ఇంటర్ తప్పి, ఇక్కడ గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ తోలేవాణ్ణి. మా ఇద్దరి మధ్యా ఒక్క ఫెన్సే.

ఆయన ఆఫీసు గరాజే. తలుపు పైకెత్తి, మడత కుర్చీ వేసుకుని, ఇండియన్ షాపువాళ్లు ఊరికే ఇచ్చిన తెలుగు క్యాలెండర్ కింద కూర్చునేవారు. తిథీ వర్జ్యం ఆయనకి పట్టవు. ప్రతి నెలా ఆఖరి గడిలో మూడంకెలు రాసేవారు. మెయిన్ రోడ్డు మీద అద్దెకిస్తామని బోర్డు పెట్టిన దుకాణాలెన్ని, శనివారం బార్బర్ దగ్గర కాచుక్కూర్చున్నవాళ్లెందరు, ఆ నెల నాకు పడ్డ ఓవర్‌టైమ్ షిఫ్టులెన్ని.

ధరలు, నిరుద్యోగం అంటూ టీవీలో చెప్పేవీ వినేవారు. "అవి పోయిన నెల ఫొటోలురా. సరుకు కదలకపోతే ముందు తెలిసేది నీ గోడౌన్‌కి" అనేవారు.

దేశం నాడి నా చేతిలో ఉందని తెలిశాక నేను ఊరుకుంటానా? ఒక నెల నాకు ఒక్క ఓవర్‌టైమ్ షిఫ్టూ పడలేదు. మొహం బిగించుకుని, "పదకొండు అంకుల్. నడుం పడిపోయింది" అన్నాను. పాపం, నొప్పుల మందు తెచ్చిచ్చి మరీ పదకొండు రాసుకున్నారు.

శనివారం వాకింగ్‌లో తన బ్యాచ్‌కి, "ఫర్వాలేదర్రా, సరుకు బాగానే కదులుతోంది" అని చెప్పారు. నేను వెనక నవ్వాపుకోలేక చస్తున్నాను. ఆ బ్యాచ్‌లో ద పాండ్స్ అనే పేట నుంచి వీకెండ్‌కి కారేసుకొచ్చే సాఫ్ట్‌వేర్ ఆయన ఒకడున్నాడు. "అయితే అంకుల్, మండే సైన్ చేసేస్తా. ఇన్వెస్ట్‌మెంట్‌కి సెకండ్ హౌస్. మీరు చెప్పారంటే ఇంకేం డౌట్ లేదు" అన్నాడు.

నా నవ్వు అక్కడే చచ్చింది.

ఆదివారం సాయంత్రం గరాజ్‌కి వెళ్లి చెప్పాను. "అంకుల్, అది పదకొండు కాదు. సున్నా."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నీది అల్లరి. నాది తప్పు. మిగతా రెండంకెలూ వేరే చెబుతున్నా, నచ్చిన కబురు చెప్పిందని నీ అంకె పట్టుకున్నాను. ఒక్క అంకె పుకారురా. మూడూ కలిస్తేనే కబురు."

వెంటనే ఫోన్ తీశారు. "బాబూ, నా లెక్క తప్పింది. రేపు సంతకం పెట్టకు. ఇల్లు కొనొద్దనడం లేదు, నా మాట మీద కొనొద్దంటున్నా." అలా నలుగురికి చేశారు. నా పేరు ఒక్కసారీ రాలేదు.

మరుసటి వారం బ్యాచ్‌లో ఒకాయన, "మాస్టారికి గ్లాసెస్ చేంజ్ చేయించాలి" అన్నాడు. అందరూ నవ్వారు. అంకులూ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

తర్వాతెప్పుడో షేర్లు పడ్డప్పుడు, రిటైర్మెంట్‌కని జీతంలోంచి కోసే సూపర్ మొత్తం క్యాష్‌లోకి మార్చేస్తానని ఎగిరాను. "మార్కెట్ రేపేం చేస్తుందో నాకు తెలీదు. తెలుసన్నవాడి పక్కన కుర్చీ వేసుకోకు. ఆ డబ్బుతో నీకు రేపు పనుందా?" అన్నారు. లేదన్నాను. "అయితే పోయి పడుకో." పోయి పడుకున్నాను. ఇంత చదువుకున్న మనిషి 'నాకు తెలీదు' అనడం ఆయన దగ్గరే విన్నాను.

పదకొండో రోజు అయ్యాక ఆంటీ గరాజ్‌లోకి పిలిచింది. పోయిన నెల ఆఖరి గడిలో రెండంకెలే ఉన్నాయి. మూడోదానికి చోటు ఖాళీగా ఉంది.

"నిన్నడిగి రాస్తానన్నారు బాబూ. నువ్వేమో నైట్ షిఫ్టుల్లో ఉన్నావు" అంది.

ఆ వాకింగ్ బ్యాచ్ ఇది చదువుతుంటే ఒక మాట. ఆ రోజు మాస్టారి లెక్క తప్పించింది నేను. ఆయన చెప్పలేదు, నేను చెబుతున్నాను.

మేకుకి దారంతో కట్టిన పెన్సిల్ అందుకుని, ఆ గడిలో రెండు అని రాశాను. నిజంగా రెండే. వదిలేశాక ఆ పెన్సిల్ గోడకి తగులుతూ చాలాసేపు ఊగింది.