పాస్‌వర్డ్ ఏటి?

మొన్నామధ్య ఒక ఆదివారం మా ఇంట్లో కంప్యూటర్ నన్ను "ఏటి?" అని నిలదీసింది. అదీ ఇంగ్లీషులో! ఒకసారి కాదు, నేను మీట నొక్కినప్పుడల్లా అదే ప్రశ్న. జవాబు చెప్పలేక నాకు చెమటలు పడుతుంటే, మా ఆయన వెనకాల కుర్చీలో కూర్చుని ఉల్లిపాయ పకోడీలు తింటూ నవ్వుతున్నారు. మొదటి నుంచీ చెప్తాను, మీరూ నవ్వుకోండి.

మాది శృంగవరపుకోట. మా ఆయనకి మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు. పిల్లలిద్దరూ హైదరాబాదులో మా అక్క ఇంట్లో ఉండి చదువుకుంటున్నారు. హారిక ఇంటర్, చిన్నోడు ఎనిమిదో తరగతి. ఉండేది అక్కడే అయినా పెంచేది మాత్రం ఇక్కడి నుంచి నేనే, ఫోన్లో! పాలు తాగారా, తల సరిగ్గా తుడుచుకున్నారా, దగ్గు వినిపించింది ఎవరిది... ఇలాగన్నమాట. సెలవులకి వస్తే చిన్నోడి తెలుగు నోట్సు ముందేసుకుని ఎర్ర పెన్నుతో దిద్దే పని కూడా నాదే. ఇక ఆదివారం ఐదింటికి వీడియో కాల్. ఆ కాసేపు వాళ్ళ మొహాలు చూసుకుంటే చాలు, వారమంతా నాకు హాయిగా వెళ్ళిపోతుంది.

సరిగ్గా ఆ కాల్‌కే గండం వచ్చింది. కొట్టులో బిల్లులు వేసి వేసి అలిసిపోయిన కంప్యూటర్‌ని ఇంటికి తెచ్చుకున్నాం. అందులో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. ఉన్నట్టుండి ఒకరోజు వీడియో కాల్ ప్రోగ్రాం, ఇంత పాత విండోస్ మీద నేనిక పనిచేయనని బోర్డు పెట్టేసింది. అదే వారం చిన్నోడు సైకిల్ మీద నుంచి పడి గడ్డానికి దెబ్బ తగిలించుకున్నాడు!

"చిన్న దెబ్బేనమ్మా. రెండు కుట్లు, అంతే" అంది హారిక ఫోన్లో.

"కుట్లా! చిన్న దెబ్బకి కుట్లెందుకు పడతాయే?"

"నువ్వు కంగారు పడకు."

కంగారు పడకు అన్నాక కంగారు పడని తల్లి ఎవరైనా ఉంటుందా? మా ఇంట్లో ఉన్న రెండూ బటన్ ఫోన్లే, ఫోటో పంపినా రాదు. వాడి గడ్డం నా కళ్ళతో చూస్తే గానీ నాకు ముద్ద దిగదు. నేను అటక మీద పెట్టె వైపు చూస్తుంటే మా ఆయన కనిపెట్టేశారు.

"ఏటే, విజయనగరంలో రైలెక్కీసి ఎల్లిపోతావేటి?"

"లేదండీ. కొత్త విండోస్ ఎక్కిస్తాను."

ఆయన కంప్యూటర్‌ని ఒకసారి, నన్ను ఒకసారి చూశారు. రెండింటిలో ఏది ముందు పాడవుతుందా అన్నట్టు.

కంప్యూటర్ షాపాయన్ని అడిగితే సోమవారం వస్తానన్నాడు. ఆదివారం కాల్ సంగతేమిటి మరి? డిస్కు కొనుక్కుని, ఏది నొక్కాక ఏది నొక్కాలో ఆయన చేతే చెప్పించుకుని వచ్చాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలవగానే మొదలుపెట్టాను. ముందు జాగ్రత్తగా పిల్లల ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో పెట్టాను. అవే మళ్ళీ సీడీల్లోకి ఎక్కించి దేవుడి అరలో పెట్టబోతే మా ఆయన అడ్డం పడ్డారు.

"రెండూ ఒకే ఇంట్లోనే కదే. ఇల్లు కాలితేనో?"

ఆయన వెటకారానికే అన్నారు. నాకు మాత్రం నిజమేననిపించింది. సీడీలు ఆయన చేతికిచ్చి కొట్టుకి పంపించాను. పై అరలో ఇత్తడి బిందెలో పెట్టి వచ్చారు. "ఆ బిందె మాత్రం ఎవరికీ అమ్మీకండి" అని రెండుసార్లు చెప్పాను.

డిస్కు వేయగానే చాంతాడంత షరతులు వచ్చాయి. కింద 'ఒప్పుకుంటున్నాను' అని ఒక గడి. అందరూ చదవకుండానే అక్కడ టిక్కు పెట్టేస్తారట! చదవకుండా ఒప్పుకోవడమేమిటి? హారిక వదిలేసి వెళ్ళిన డిక్షనరీ తెచ్చుకుని కూర్చున్నాను.

"ఇంకా ఏటి సదువుతన్నావు?"

"ఇది ఇంకో కంప్యూటర్‌లో వెయ్యకూడదంటండీ."

"మనకున్నదే ఒకటి కదే! నా సంబంధానికి కూడా మీ నాన్న ఇంత వాకబు సెయ్యలేదు."

"అందుకే ఇప్పుడు నేను సేస్తన్నాను."

ఆయన పకోడీలకి ఉల్లిపాయలు తరగడానికి వెళ్ళిపోయారు.

చివరికి టిక్కు పెట్టాను. ఇక పర్సెంట్లు మొదలయ్యాయి. ఘాట్ రోడ్డులో అరకు బస్సు ఎక్కినట్టు మూలుగుతూ, ఆగుతూ, మళ్ళీ మూలుగుతూ ఎక్కుతోంది. మధ్యలో తెర నల్లబడినప్పుడల్లా నేను ఒక దండం పెట్టాను. మొత్తానికి గట్టెక్కి, పేరు అడిగింది. రాశాను. తర్వాత పాస్‌వర్డ్ అడిగింది. వెంటనే హారికకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"సులువైనది పెట్టుకోమ్మా. నీ నోట్లో ఎప్పుడూ నానే మాటేదైనా."

"ఏటి పెట్టాలి?"

"అదే! అదే పెట్టీ!" అని వంటింట్లోంచి మా ఆయన కేక. "ఏటి అని పెట్టీ. పొద్దున లేస్తే అదే కదా నీ మాట. సచ్చినా మరిసిపోవు."

హారిక పకపకా నవ్వింది. దానికి ఆ మాట మీద కొంచెం కోపం. కాలేజీలో చేరిన కొత్తలో 'ఏటి' అంటే అందరూ నవ్వారట, ఇప్పుడు తను 'ఏంటి' అంటోంది. అయినా పాస్‌వర్డ్‌కి బాగుందంది.

సరే, కొట్టాను. అక్షరాలు కనిపించవు, చుక్కలే. మళ్ళీ కొట్టమంది. కొట్టాను. ఒకవేళ మరిచిపోతే గుర్తు చేయడానికి హింట్ కూడా రాయాలంది. 'ఏటి'కి గుర్తేముంటుంది? బాగా ఆలోచించి ఇంగ్లీషులో 'వాట్' అని రాశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కంప్యూటర్ తెరుచుకుంది! అక్షరాలు ఇంతేసి లావుగా ఉన్నాయి. కళ్ళజోడు వాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేశారు కాబోలు, ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. నెట్ డాంగిల్ పెట్టి, వీడియో కాల్ ప్రోగ్రాం దింపాను. చివర్లో అది 'రీస్టార్ట్ చేయండి' అంది. చేశాను. అక్కడితో నా వైభోగం అయిపోయింది.

పాస్‌వర్డ్ అడిగింది. ఈ, టీ, ఐ. తప్పంది. కింద హింట్ చూపించింది: 'వాట్'.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ 'వాట్'.

"సూడు, నిన్నే అడగతన్నాది" అన్నారు మా ఆయన, పకోడీల పళ్ళెంతో వచ్చి కూర్చుని. "జవాబు సెప్పు."

టైం ఐదు దాటిపోయింది. ఆరింటికల్లా అక్కా వాళ్ళు పిల్లల్ని తీసుకుని ఏదో పెళ్ళికి బయల్దేరాలి. ఈలోపు తెరుచుకోకపోతే గడ్డం మళ్ళీ ఆదివారం దాకా కనబడదు. మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి అక్క ఎత్తింది.

"ఏమైందే? పాస్‌వర్డ్ ఏంటి?"

"ఏటి అక్కా."

"అదేనే అడుగుతున్నా, ఏంటి?"

"ఏంటి కాదక్కా, ఏటి!"

"నా మాటలకి వంకలు పెడతావేం? ఇన్నేళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నా, ఏంటి అనడం నాకు అలవాటైపోయింది. ముందు పాస్‌వర్డ్ చెప్పు!"

"సెప్తన్నాను కదక్కా! ఏటి!"

"ఇదిగో హారికా, మీ అమ్మకి చెముడొచ్చినట్టుంది. నువ్వే మాట్లాడు."

హారిక ఒక్కొక్కటీ కొట్టించింది. ఈ రెండుసార్లు పెట్టి చూడమంది. ఏతో మొదలుపెట్టమంది. వైతో మొదలుపెట్టమంది. అన్నీ పెద్దక్షరాలు పడుతున్నాయేమో చూడమంది. ఎలా కొట్టినా దాని జవాబు ఒక్కటే: వాట్. పిల్లాడికీ నాకూ మధ్యన ఒక్క మాట అడ్డం. అది నేను పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న మాట! మా ఆయన కూడా నవ్వడం మానేసి, "పోనీ, రాత్రి బండికి టికెట్టు సూడమంటావేటి?" అన్నారు మెల్లగా.

అప్పుడు ఫోన్లో చిన్నోడి గొంతు.

"అమా, నువ్వు ఏటి అని రాయవు కదా?"

"ఏటిరా?"

"నోటితో అంటావు గానీ, ఎప్పుడైనా రాసినావేటి? నా నోట్సులో ఏటి అని ఉంటే ఎర్ర పెన్నుతో కొట్టీసి, మాట్లాడితే మాట్లాడావు, రాసినప్పుడు మాత్రం ఏమిటి అని రాయాలి అని నాసేత ఎన్నిసార్లు రాయించినావు!"

మా ఆయన చేతిలో పకోడీ చేతిలోనే ఆగిపోయింది.

నేను మెల్లగా కొట్టాను. ఈ, ఎం, ఐ, టీ, ఐ.

'వెల్‌కమ్' అంది.

ఏం చేస్తాం! నా నోరు శృంగవరపుకోటది. నా వేళ్ళు మాత్రం తెలుగు వాచకంలోంచి ఊడిపడ్డాయి.

కాల్ కలిసింది. తెర మీద చిన్నోడు కనిపించాడు. కనిపించాడంటే... రెండు బుగ్గలూ ఆ అంచు నుంచి ఈ అంచు దాకా! గుమ్మడికాయంత మొహం!

"అయ్యో నా తండ్రీ! మొహమంతా వాచిపోనాదే! రెండు కుట్లే అన్నావు కదే!"

"వాపు కాదమ్మా" అంది హారిక. "నీకు డ్రైవర్ లేదు. అందుకే అలా సాగిపోయి కనిపిస్తోంది."

"డ్రైవరా? సైకిల్ మీద నుంచి పడ్డాడన్నావు, మధ్యలో డ్రైవర్ ఎక్కడి నుంచి వచ్చాడు? ఏ బండి గుద్దిందే? ఆ డ్రైవర్ పారిపోయాడా? నిజం సెప్పు!"

"డిస్‌ప్లే డ్రైవర్ అమ్మా! కంప్యూటర్‌ది! బొమ్మ సరిగ్గా చూపించే ప్రోగ్రాం! అది ఇంకా వెయ్యలేదు నువ్వు!"

మా ఆయనకి పొలమారింది. నేనే వీపు మీద తట్టి నీళ్ళిచ్చాను.

చిన్నోడు గడ్డం పైకెత్తి కెమెరాకి ఆనించినంత దగ్గరగా పెట్టాడు. నిజమే, రెండే కుట్లు. రెండు చీమలు వరసలో నిలబడ్డట్టు. నేను రెప్ప వేయకుండా చూస్తుంటే వాడు నవ్వాడు. "ఏటమా అలా సూస్తన్నావు? బాగానే ఉన్నాను."

హైదరాబాదు వెళ్ళి ఏడాది దాటింది. వాడి 'ఏటి' చెక్కు చెదరలేదు. ఎందుకో దిద్దాలనిపించలేదు. ఆ పూట పకోడీలు కూడా సయించాయి, పళ్ళెంలో మా ఆయన మిగిల్చినవి.

సోమవారం షాపాయన వచ్చి డ్రైవర్ వేశాడు. ఇప్పుడు బొమ్మ సరిగ్గా వస్తోంది. కాకపోతే చిన్నోడు మరీ సన్నగా కనిపిస్తున్నాడు. అన్నంలో కాస్త నెయ్యి ఎక్కువ వెయ్యమని అక్కకి ఫోన్ చేశాను.

పాస్‌వర్డ్ కూడా మార్చేశాను. ఈసారి ఒక్కొక్క అక్షరం పైకి చదువుకుంటూ 'ఏటి' అనే పెట్టాను. పొరపాటు పడకుండా హింట్‌లో 'ఏమిటి కాదు' అని స్పష్టంగా రాసుకున్నాను. తాళం వేసి తాళంచెవి తలుపుకే వేలాడదీశావన్నారు మా ఆయన. మన ఇంట్లోకి వచ్చి ఎవరు చూస్తారులెండి అన్నాను.

అయ్యో! ఇప్పుడు మీ అందరికీ చెప్పేశాను కదా! మళ్ళీ మార్చాలి. ఈసారి ఏటి పెట్టమంటారు?