తలంబ్రాల కొలత

రాజమండ్రి తాడితోటలో మా ఆయనకి పెళ్ళి షేర్వాణీ కుట్టిన టైలరుగారికి ఒక చిత్రమైన అలవాటు ఉండేది. ఏ పెళ్ళికొడుకు ట్రయలుకి వచ్చినా, ఆయన బట్టతల వంచుకుని ఎదురుగా నిలబడేవారు.

"నా మీద తలంబ్రాలు పోయండి బాబూ. చేతులెత్తితే గానీ కుట్టు సంగతి తెలీదండి" అనేవారు. మా అన్నయ్య తన పెళ్ళప్పుడు పగలబడి నవ్వుతూ ఆ నున్నటి తల మీద ఉత్త దోసిళ్ళు గుమ్మరించడం నేను చూశాను.

మా వంతు వచ్చిన రోజు, "అమ్మాయిగారే వచ్చారుగా, ఇవాళ నాకు పని తప్పింది" అంటూ నన్ను తన చోట నిలబెట్టారు.

నేను మా ఆయన కన్నా బెత్తెడు పొడుగు. పెళ్ళిచూపుల నాటి నుంచి రెండు వైపులా అదే మాట. "ఫొటోల్లో కాస్త వంగవే" అని మా పిన్ని రోజూ చెప్పేది. వినీ వినీ నాకు అదే అలవాటైంది. మా ఆయన దోసిలి పైకి లేవగానే నా మెడ దానంతటదే వంగిపోయింది.

టైలరుగారు నోట్లోంచి గుండుసూదులు తీసేశారు.

"వంగకండమ్మా" అన్నారు మెల్లగా. "బాబుగారికి చంక దగ్గర గుడ్డ నేను కాస్త ఎక్కువ వదులుతానుగా."

పెళ్ళిలో పిన్ని వెనక నుంచి నా వీపు పొడుస్తూనే ఉంది. నేను వంగలేదు. మా ఆయన చేతులు ఎక్కడా పట్టెయ్యకుండా పైకి లేచాయి. తలంబ్రాలు నా నడినెత్తిన పడ్డాయి.