అవ్వ కళ్ళ కోసం కొన్న కెమెరా

మా మేనత్త పోయిందని తిరువళ్ళూరు నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. వెంటనే నాకు ఏడుపు రాలేదు. "ఎవురు చెప్పినారు? నువ్వు కళ్ళారా చూసినావా?" అని అడిగే అత్త గొంతే చెవిలో వినిపించింది. తన చావు వార్తనైనా ఇంకొకరి దగ్గర విచారించుకోకుండా నమ్మే మనిషి కాదు ఆవిడ. నేనూ అదే పని చేశాను. పక్కింటివాళ్ళకు ఫోన్ చేసి అడిగాను. నిజమేనన్నారు. అప్పుడు కూర్చుని ఏడ్చాను.

అత్త తిరువళ్ళూరులో ఆడపిల్లల బడిలో తెలుగు టీచరు. డెబ్బైల చివర్లో నాకు ఆవడిలో ఉద్యోగం వచ్చినప్పుడు ఆవిడ ఇంట్లోనే ఉండి రోజూ రైల్లో వెళ్ళొచ్చేదాన్ని. అత్త పెళ్ళి చేసుకోలేదు. వచ్చిన సంబంధాలన్నిటినీ అనుమానించి పంపేసిందని మా నాన్న ఎగతాళి చేసేవాడు. పాలవాడు పాలు పోస్తుంటే ఆవిడ చెంబు వంక చూసేది కాదు, వాడి ముఖం వంక చూసేది. స్టేషన్లో బోర్డు చదివాక కూడా పక్కవాళ్ళను ఊరి పేరు అడిగేది. ఎందుకత్తా ఇంత అనుమానం అంటే, "నమ్మేదానికి తొందరేముంది పాపా? రేపు గూడా నమ్మొచ్చు" అనేది.

ఆ అనుమానానికి మూలం తిరుత్తణిలో మా ఇంటి గోడ మీద ఉండేది. అది మా తాత ఫోటో. బతికున్నన్నాళ్ళూ ఆయన ఫోటో తీయించుకోలేదు. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో అంతే. మనిషి పోయాక స్టూడియో అతను వచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా తువ్వాలుతో నడుం కట్టి ఫోటో తీసేవాడు. తర్వాత మూసిన రెప్పల మీద కుంచెతో కళ్ళు గీసేవాడు. అత్త పెద్దదవుతున్న కొద్దీ ఆ ఫోటో ముందు నిలబడి, "మా నాయన ఎవురినీ ఇట్లా చూళ్ళేదు" అంటూ ఉండేది. ఒకసారి వీధిలో ఇల్లిల్లూ తిరిగి గోడల మీది ఫోటోలన్నీ చూసి వచ్చింది. పోయిన మగవాళ్ళందరికీ అవే కళ్ళు. ఆ రోజు అన్నం తినలేదని మా అవ్వ చెప్పేది.

అవ్వకు వయసు మీద పడి, ఒక వానాకాలం జ్వరం వచ్చి మంచం పట్టి లేచాక అత్తకు భయం పట్టుకుంది. స్టూడియో అతను దారిలో కనపడి, "టీచరమ్మా, పెద్దమ్మకు ఇప్పుడు ఎట్లా ఉండాది?" అని మర్యాదకే అడిగాడు. అత్త రైలెక్కాక కూడా ఆ మాటను వదల్లేదు. "వానికెందుకంట? కుంచె కడిగి పెట్టుకున్నాడా?" అంది. అమ్మ ఉండగానే, కళ్ళు తెరిచి ఉండగానే, తన చేత్తోనే ఫోటో తీయాలని ఆవిడ పంతం.

తీరా అమ్మకానికి ఉన్న మంచి కెమెరా అతని దగ్గరే ఉంది. జర్మనీలో చేసింది, అప్పటికే పాతబడింది. తోలు సంచి కుట్లు వదిలాయి గానీ ఇనుప ఒళ్ళు మాత్రం గట్టిగా, బరువుగా ఉంది. దాంట్లో లెన్సు గుండా చూడరు. పైన వేరే కిటికీ ఉంటుంది. చూస్తే నడిమధ్య మనిషి రెండుగా కనపడతాడు. లెన్సు చుట్టూ ఉన్న వలయం తిప్పుతూ పోతే ఆ రెండూ వచ్చి ఒకటవుతాయి. అప్పుడు నొక్కాలి. రెండు బొమ్మలూ ఒకదానికొకటి సాక్ష్యం చెపితే తప్ప ఒప్పుకోని యంత్రం. అత్తకు సరిగ్గా జోడీ కుదిరిందని నాకు లోపల నవ్వొచ్చింది.

తిరుత్తణి కొండ మెట్ల కింద ఉండేది ఆ స్టూడియో. గుండు చేయించిన పిల్లల ఫోటోలు వరసగా తగిలించి ఉండేవి. అత్త సంచిలోంచి టార్చి తీసి లెన్సు వెనకనుంచి వేసింది.

"ఇది ఏంది, దారం మాదిరి?"

"సుమ్మా, ఉత్త దుమ్మమ్మా, తుడిస్తే పోతాది."

"దుమ్ము కొమ్మలు ఏసుకొని పెరగదు. ఇది బూజు."

అతను తల గోక్కున్నాడు. అంచున కొంచెం ఉందని, ఫోటోలో పడదని ఒప్పుకున్నాడు. అత్త వాకిట్లోకి వచ్చి కెమెరా కిటికీలోంచి కరెంటు స్తంభాన్ని చూసింది. రెండు స్తంభాలూ నిలువునా ఒకటయ్యేదాకా తిప్పింది. షటర్ను మెల్లగా పడే వేగంలో పెట్టి చెవి దగ్గర పట్టుకుని వింది. ఆ బూజును తన కళ్ళ ముందే తీయించి, ఊడదీసిన ప్రతి ముక్కా తిరిగి లోపలికి పోయేదాకా చూసి, అప్పుడు కొన్నది. ఇంటికి వచ్చాక, "అయినా ఏందో మార్చేసినాడు, నా మనసుకు తెలస్తా ఉంది" అంది.

ఆ కెమెరాను ఆవిడ చూసుకున్నట్టు నన్ను కూడా చూసుకోలేదు. తోలులో చెమ్మ ఉంటుందని సంచిని వేరుగా వేలాడదీసేది. కెమెరాను మూత గట్టిగా పట్టే బిస్కెట్ డబ్బాలో పెట్టేది. మందుల షాపు వాళ్ళను బతిమాలి, మాత్రల సీసాల్లో వచ్చే చెమ్మ పీల్చే చిన్న పొట్లాలు తెచ్చి చుట్టూ పేర్చేది. అవి పనిచేస్తున్నాయో లేదోనని ఆదివారం పెనం మీద వేడి చేసేది. ఫిలిం లేకపోయినా షటర్ నొక్కుతూ ఉండేది. "పని చెప్పకుండా పెడితే ఇది మొండికేస్తాది" అనేది.

అన్నీ సిద్ధమయ్యాక అవ్వ ఒప్పుకోలేదు. ఫోటో తీస్తే ఆయుస్సు తగ్గుతుందని ఆవిడ అనుమానం. అత్త ఆ అనుమానం ముందు ఓడిపోయింది, తల్లి దగ్గర నేర్చుకున్న విద్యే కదా. చాలా రోజులు బతిమాలాక అవ్వ ఒక షరతు పెట్టింది.

"పూజ చేయని మిషన్ నా ముందర పెట్టొద్దు. ఆయుధ పూజకు దాన్ని తీసుకోనిరా. బొట్టు పెట్టినాక చూస్తాంలే."

పండక్కి ఇద్దరం తిరుత్తణి వెళ్ళాం. కొడవలి, కత్తిపీట, కుట్టుమిషన్, రేడియో, నాన్న సైకిలు అన్నిటికీ అవ్వ గంధం, కుంకుమ పెట్టింది. చివర్లో కెమెరాను పళ్ళెంలో పెట్టుకుని, దానికీ నిండుగా బొట్టు పెట్టింది. మరుసటి రోజు పట్టుచీర కట్టుకుని వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది.

అత్త కెమెరా కంటికి ఆనించింది. దించింది. మళ్ళీ ఆనించింది. ముఖం నల్లబడింది.

"రెండో బొమ్మ పోయింది. నేను చెప్తానే ఉంటి గదా, ఆ స్టూడియోవాడు లోపల ఏందో చేసినాడు!"

చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా స్టూడియోకి నడిచింది. వెనక నేను పరుగు. అతను కెమెరాను అందుకుని, ముందు దాని బొట్టు చూసి వేళ్ళతో కళ్ళకద్దుకున్నాడు. తర్వాత కిటికీలోంచి చూశాడు.

"లోపల అద్దం కదిలింటాది టీచరమ్మా. కండిప్పా, సత్యంగా నేను చేసింది కాదు. ఇక్కడ పెట్టిపోండి, మద్రాసుకు పంపిస్తా. ఈ రోజుకు టేపుతో దూరం కొలిచి తీసేయండి."

"పెట్టిపోతే లెన్సు మార్చుకుంటావు. నాకు తెలుసు" అంది అత్త, అతని ముఖం మీదే. అతను చిన్నబోయాడు. కొలతతో సరిపెట్టుకునే మనిషీ కాదు ఆవిడ. మసకగా వస్తే అమ్మ కళ్ళు ఉన్నా లేనట్టే.

ఇంటికి వచ్చేసరికి అవ్వ కుర్చీలో అలిసిపోయి ఉంది. అత్త గడప మీద కూలబడి, కళ్ళనీళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

"యాడమ్మా, నన్ను చూడనీ దాన్ని" అంది అవ్వ. ఒళ్ళో పెట్టుకుని ముందూ వెనకా తిప్పింది. ముందువైపు ఉన్న ఒక్కో అద్దం మీదా వేలు పెట్టి అడగసాగింది. "ఈ పెద్దది దాని కన్ను. ఇది నువ్వు చూసే కిటికీ. మరి నడిమధ్య నేను బొట్టు పెట్టింది దాని నొసలే గదా?"

అత్త తలెత్తింది. లెన్సుకు పైన, సరిగ్గా నుదురు ఉండాల్సిన చోట, బటాణీ గింజంత అద్దం ఒకటి ఉంటుంది. రెండో బొమ్మ లోపలికి వచ్చేది దాంట్లోంచే. ఎండిన గంధం దాన్ని నిండుగా మూసేసింది. నేను చూశాను, అత్త చూసింది, స్టూడియో అతను కళ్ళకద్దుకున్నాడు. బస్సుకూ తలుపుకూ ఉన్నట్టే దీనికీ బొట్టు ఉంది అనుకున్నాం. లోకంలో అందరినీ అనుమానించిన మా అత్త బొట్టును అనుమానించలేదు.

అవ్వ కొంగు తడి చేసుకోబోతే, "ఉమ్ము వద్దే అమ్మా!" అని అత్త అరిచి, మెత్తటి పాత పంచె గుడ్డతో తనే తుడిచింది. అవ్వకు ఇప్పుడు అనుమానం తగులుకుంది. "బాగయిందో లేదో నేను చూసినాకనే నన్ను తీయల్ల" అంది. కెమెరా కంటికి పెట్టుకుని అత్త వైపు తిరిగింది.

"ఏమే, ఇద్దరుగా ఉండావే!"

"ఆ రింగు తిప్పమ్మా. పైలం, పైలం!"

అవ్వ తిప్పుతూ పోయింది. "వచ్చేసినారు. ఒకటైపోయినారు" అని చిన్నపిల్లలా నవ్వింది. ఆ సంబరంలో వేలు తగిలి బటన్ నొక్కుకుపోయింది. ఒక ఫిలిం వేస్టని అత్త విసుక్కుని, కెమెరా లాక్కుని, అవ్వ ఆ నవ్వు దించుకోకముందే ఆవిడ ఫోటో తీసింది. కడిగించడానికి స్టూడియోకి ఇవ్వలేదు, ఎక్కడ కుంచె పెడతాడోనని. మద్రాసు వెళ్ళి కడిగించుకొచ్చింది.

తర్వాత కొన్నేళ్ళకు అవ్వ పోయిన రోజు స్టూడియో అతను పిలవకుండానే పెట్టె, స్టాండు మోసుకుని వచ్చాడు. అత్త వాకిట్లోనే ఆపి, ఫ్రేము కట్టిన ఫోటో అతని చేతికిచ్చింది. అతను చాలాసేపు చూశాడు.

"కళ్ళు బాగా వచ్చినాయి టీచరమ్మా."

"నేనేమీ గీయలేదు" అంది అత్త. తర్వాత, బహుశా జీవితంలో మొదటిసారి, అతనికి కాఫీ ఇమ్మని నాతో చెప్పింది.

నేను తిరువళ్ళూరు చేరేసరికి అత్తను హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. చుట్టాల పిల్లలు ఫోన్లు పైకెత్తి ఆవిడ మూసిన కళ్ళను ఫోటోలు తీస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆపమని కసిరి, బీరువాలో చీరల కింద వెతికాను. ఆ రోజు అవ్వ చేతిలో పడిన ఫోటోను వేస్టని విసుక్కున్నదే గానీ ప్రింటు వేయించి భద్రంగా దాచుకుంది. దాన్ని తెచ్చి తల దగ్గర నిలబెట్టాను. ఫోటో ఒక పక్కకు ఒరిగి ఉంది. జుట్టు పైభాగం తెగిపోయింది. అత్త కళ్ళు పెద్దవి చేసుకుని, కెమెరాను పట్టుకున్న వాళ్ళమ్మ చేతుల వంకే చూస్తోంది. అమ్మ ఎక్కడ జారవిడుస్తుందోనని తన రెండు అరచేతులూ ముందుకు చాచి, దోసిలిగా కింద పట్టి ఉంచింది.