కోవిల్‌పట్టి బీడులో పందెం

ముప్ఫైలనాటి మాట. బెజవాడ నుంచి నా మోటారు సైకిలును రైల్లో వేసుకుని విరుదునగర్‌లో దిగి, కోవిల్‌పట్టి దగ్గర ఒక నల్లరేగడి బీడులో జరిగే పందేలకు వెళ్ళాను. శనివారం పందెంలో అందరికన్నా ముందొచ్చాను. ఆదివారం చివరి పందెం మొదలవబోతుండగా, పోటీలో ఉన్న ఒక తెల్లదొర వచ్చి, ఇది తమ క్లబ్బు వాళ్ళకే అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. తెలుగులో తిట్టుకుంటూ బండి తోసుకుపోతున్నాను.

"ఏమబ్బయా, ఎవుర్ని తిడతా ఉండావు?"

అరవదేశంలో తెలుగు విని ఆగిపోయాను. అడిగింది ఆ బీడు గల ముసలి రైతమ్మ; తాతలనాడే అక్కడికి వలసపోయిన తెలుగువాళ్ళట. జరిగింది చెప్పాను. నా రంగు, వాళ్ళ క్లబ్బు ఆమెకు పట్టలేదు. ఆమె కోపం వేరు.

"నా చేనికి వచ్చినోణ్ణి పొమ్మనేదానికి వాళ్ళెవురు?"

విసవిసా వెళ్ళి పందెం దారి నడుమ కూర్చుంది. ఎంత బతిమాలినా లేవలేదు. ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరికి ఆ దొరే వచ్చి నన్ను కూడా రమ్మన్నాడు.

"ఇప్పుడు పిలిస్తే రాను," అన్నాను.

ఆమె నామీద విరుచుకుపడింది. "రావా? మరి నేను ఈ ఎండలో ఏమిటికి కూచున్నా? పో, బండెక్కు!"

ఎక్కాను. పందెం గెలవలేదు గానీ, ఆ దొరను మాత్రం నా ముందుకు రానివ్వలేదు.